తోట రాముడూ, అంజిగాడూ

పిల్లలకు చూపించదగ్గ సాహస సినిమా ఏదని ఎవరడిగినా ముందు ‘పాతాళభైరవి’ అంటాను. అది మాకు పరాయి కథ కాదు. తెనాలిలో బయల్దేరిన రైలు రేపల్లెతో ఆగిపోతుంది. అక్కణ్నుంచి కాస్త దూరం వస్తే మా పెనుమూడి, ఆపైన కృష్ణా నది, అవతలి ఒడ్డున పులిగడ్డ. ఆ తెనాలి మనిషే చక్రపాణి. నాగిరెడ్డితో కలిసి 1947లో ‘చందమామ’ మొదలుపెట్టాడు. పిల్లలకు ఏ కథ పడుతుందో నెలనెలా గమనించిన ఆ ఇద్దరి విజయా సంస్థ నుంచే 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఈ సినిమా వచ్చింది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా మనవడితో కూర్చుని మళ్లీ చూశాను. కత్తియుద్ధాలు నడిచినంతసేపూ వాడు నోరెత్తలేదు. కొలనులో దిగిన కథానాయకుడు తోట రాముడు మొసలిని చంపడం, అది శాపం తీరి అప్సరసగా మారి, రాముణ్ని బలివ్వాలన్న నేపాళ మాంత్రికుడి ఎత్తు బయటపెట్టడం చూశాక మాత్రం నా వైపు తిరిగాడు.

“తాతయ్యా, రాముడు పిరికివాడైతే బతికిపోయేవాడా?”

కథకు ఆయువుపట్టే అది. మాంత్రికుడు రాముణ్ని చేరదీసింది వాడి ధైర్యం చూసే. పాతాళభైరవి దేవికి సాహసవంతుడే బలి కావాలి. ఏ గుణాన్ని చూసి మనం మురిసిపోతున్నామో, ఆ గుణమే వాడి మెడ మీదికి కత్తి తెచ్చింది. ఇంత చిక్కైన సంగతి పిల్లలకు అర్థం కాదనుకోవడం పెద్దవాళ్ల పొరపాటు.

రాముడు తిరగబడి మాంత్రికుణ్నే బలిచ్చి, కోరింది ఇచ్చే దేవి ప్రతిమ దక్కించుకుంటాడు. కథ అక్కడితో అయిపోతే మామూలు సినిమా అయ్యేది. మాంత్రికుడు మళ్లీ లేస్తాడు, ప్రతిమ చేజారుతుంది, ఆ ప్రతిమ ఇచ్చిన మేడా, రాముడు ప్రేమించిన రాకుమారీ మాయమైపోతారు. అప్పుడు పనికొచ్చేవాడు రాముడి నేస్తం అంజి. అడుగడుగునా జడుసుకునేవాడే మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషం కట్టి, మాయమాటలతో ఆ మాంత్రికుడి గడ్డం తీయిస్తాడు. వాడి శక్తంతా ఆ గడ్డంలోనే ఉంది. భయపడుతూనే చెయ్యాల్సింది చేసిన అంజిని చూసి మావాడు మంచం మీద లేచి గంతులేశాడు. ఆ పాత్ర వేసిన బాలకృష్ణను జనం ఆ తరవాత అంజిగాడనే పిలిచారంటే ఊరికే కాదు.

ఇప్పటి బొమ్మల్లో కంప్యూటర్లు కొండలనే ఎగరేస్తున్నాయి. హీరోకి ఏమవుతుందోనన్న బెంగ మాత్రం పిల్లలకు కలగడం లేదు. ‘పాతాళభైరవి’లో మార్కస్ బార్‌ట్లే కెమెరాతో చేసిన మాయల పక్కన ఆ బెంగ నిండుగా ఉంది.

సాహస సినిమాలంటే, తెనాలి దగ్గరే ఉన్న మన బుర్రిపాలెం నటుడు కృష్ణ కూడా 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం గుర్రమెక్కి ఎడారికి పోయాడు. కాలవల మధ్య పుట్టినవాళ్లకు ఇసకంటే ఎంత వింతో! కాకపోతే అది కాస్త ఎదిగిన పిల్లలకు.

ఈసారి మావాడొస్తే 1972 నాటి ‘పాపం పసివాడు’ చూపిస్తాను. అందులో కత్తీ లేదు, ప్రతిమా లేదు. విమానం కూలి ఎడారిలో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు, వాణ్ని వెతుక్కునే తండ్రి. ఆ తండ్రి మరెవరో కాదు, నేపాళ మాంత్రికుడై హడలగొట్టిన ఎస్.వి. రంగారావే. ఆ గొంతు కొడుకు కోసం తల్లడిల్లుతుంటే మావాడేమంటాడో వినాలి.