పిలుపు, పలుకు

సూరత్ నగరమున పర్వత్ పాటియా ప్రాంతమందు తెలంగాణమునుండి వలస వచ్చిన నేతవారు గలరు. మరమగ్గముల హోరులో బిగ్గరగా పేరు పెట్టి పిలిచినగాని ఎవరును తల యెత్తరు. ఇచ్చట హిందీ క్రైస్తవ వ్యాసముల ననువదించునపుడు ‘బులాహట్’ అను పదముకడ నా కలము నిలుచును. ‘పిలుపు’ అని వ్రాయుట సులభమే. కాని ఆ వ్యాసములు పెక్కు వినుటతోనే ముగియును. తెలుగున పిలిచినవారికి పలుకవలయును. మాటాడుటకును బదులిచ్చుటకును మనకు ఒక్కటే క్రియ. హిందీకి ఈ సౌలభ్యము లేదు.

బాలుడగు సమూయేలు దేవుని పిలుపును ఏలీ కేకగా నెంచి ముమ్మారు పరుగెత్తెను. పొరపాటే కావచ్చును, పలుకుట మాత్రము మానలేదు.

మన దేశమున నాకు తోచు ఉదాహరణము వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తమిళుడు. 1903లో తిరునెల్వేలియందు భారతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో నొకడు. ఆ సంఘము నిజాం రాజ్యమందలి దోర్నకల్లుకు పరిచారకులను పంపెను. ఇతరులను పంపి తానూరకుండుట ఆయనకు సహింపదయ్యెను. 1909లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవిని విడిచి, తానే దోర్నకల్లు చేరెను. 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పయ్యెను. ఆ పదవికన్న, ముప్పదియేండ్లు దాటిన పిదప పరభాషయైన తెలుగును అక్షరములనుండి నేర్చుటయే నాకు పెద్దగా తోచును. 1945 జనవరి 1న దోర్నకల్లులోనే కన్నుమూసెను.