తెర నిండితే చాలా?

మీ ఇంట్లో బీరువా పైనో, అటక మీదో నల్లటి వీడియో క్యాసెట్ ఒకటి దుమ్ము కొట్టుకుని పడి ఉందా? ఉంటే ఈ నాలుగు మాటలూ చదివాక దాన్ని కిందికి దింపండి. తెలియనితనంతో నేనేం పోగొట్టుకోబోయానో చెబుతాను, వినండి.

మా పెళ్ళి 1992లో జరిగింది. అప్పట్లో పెళ్ళికి వీడియో తీయించడమంటే అదో గొప్ప. కళ్ళు మిరుమిట్లు గొలిపే లైటు పట్టుకుని ఒకడు, భుజాన కెమెరాతో ఇంకొకడు... పురోహితుడి కంటే వాళ్ళ హడావుడే ఎక్కువ! మొత్తానికి మూడు గంటల క్యాసెట్ తయారైంది. కొత్తలో అద్దెకు వీసీఆర్ తెచ్చుకుని ఊళ్ళో బంధువులందరికీ చూపించాం. తర్వాత పిల్లలు, చదువులు, బదిలీలు... క్యాసెట్ అటకెక్కింది.

అమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఫోటో అంటేనే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఉన్న రెండు మూడు ఫోటోల్లోనూ బిగుసుకుపోయి నిలబడి ఉంటుంది. అమ్మ కదులుతూ, నవ్వుతూ కనబడేది ఆ పెళ్ళి క్యాసెట్ ఒక్కదాంట్లోనే. అందులో తలంబ్రాల ఘట్టం దగ్గర, పీటల కింద మూలగా కూర్చుని, బియ్యం పళ్ళెం నా వైపు జరుపుతూ ఒక్కసారి తలెత్తి నవ్వుతుంది. అది నాకు బాగా గుర్తు.

పోయిన సంక్రాంతికి మావారు యాభై అయిదంగుళాల టీవీ తెచ్చారు. 4కె అట. కొట్లో చూసినప్పుడు నెమలి ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టుగా ఉంది బొమ్మ. ‘ఇంత మంచి టీవీ వచ్చింది కదా, మన పెళ్ళి చూసుకుందాం’ అని అన్నయ్య వాళ్ళింట్లో మూలపడ్డ వీసీఆర్ తెప్పించాను. వదిన, పిల్లలు అందరం చేరాం.

ఏం చెప్పమంటారు! మొహాలన్నీ గుమ్మడికాయల్లా అడ్డంగా సాగిపోయాయి. బొమ్మంతా మసకమసక, చుక్కలు చుక్కలు. ‘వేలకు వేలు పోసి కొన్నాను, పాత డబ్బా టీవీయే నయం’ అని మావారు విసుక్కున్నారు. మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఏదో నొక్కింది. మొహాలు మామూలుగా అయ్యాయి, తెర నిండా బొమ్మ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తలంబ్రాల కోసం కాచుక్కూర్చున్నాను. వచ్చాయి. నేనున్నాను, ఆయనున్నారు. అమ్మ లేదు!

నా గుండె గుభేల్‌మంది. టేపు అరిగిందా? నేనే ఏదో ఊహించుకుని ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నానా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు టీవీలు బాగుచేసే అబ్బాయిని పిలిపించాను. అతను చూసి నవ్వాడు. ‘అమ్మా, టేపుకేం కాలేదు. మీరే కోసేశారు’ అన్నాడు. రిమోట్‌లో బొమ్మ ఆకారం 4:3కి మార్చాడు. తెరకు అటూ ఇటూ నల్లటి పట్టీలు వచ్చాయి. మధ్యలో బొమ్మ. కింద మూలగా, పళ్ళెం పట్టుకుని... అమ్మ.

కళ్ళు తుడుచుకుని, అతను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పాత టీవీల తెర దాదాపు పలకలా ఉండేది. వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు. ఇప్పటి తెర వెడల్పు పదహారు పాళ్ళు, ఎత్తు తొమ్మిది. పాత బొమ్మను సాగదీసి కొత్త తెరలో నింపితే మనుషులు లావవుతారు. సాగదీయకుండా పెద్దది చేసి నింపితే పైనా కిందా కలిపి సరిగ్గా పావు వంతు బొమ్మ తెగిపోతుంది. ఆ పావు వంతులోనే మా అమ్మ ఉంది.

మరి మసక సంగతి? మన దేశంలో పాత టీవీ బొమ్మ 625 గీతలది. అందులో కంటికి కనబడేవి 576. దాన్ని కంప్యూటర్ లెక్కలోకి మారిస్తే సుమారు 4 లక్షల 15 వేల చుక్కలు. వీడియో క్యాసెట్‌లో నిజంగా ఉండే వివరం అందులో సగం కూడా కాదట. 4కె తెర మీద ఉండే చుక్కలు సుమారు 83 లక్షలు! గరిటెడు పిండిని పెద్ద పెనం నిండా పరిస్తే అట్టు చిల్లులు పడకుండా ఎలా ఉంటుంది? లేని వివరాన్ని టీవీ తనే ఊహించి పూడుస్తుంది. తప్పు టీవీదీ కాదు, క్యాసెట్‌దీ కాదు.

అప్పుడర్థమైంది నాకు ఇంకో పాత ముచ్చట కూడా. 1996లో మా ఆడపడుచు అమెరికా నుంచి బాబు అన్నప్రాశన క్యాసెట్ పంపింది. మా వీసీఆర్‌లో పెడితే రంగులు లేవు సరికదా, బొమ్మ పైకి పరుగులు! క్యాసెట్ పాడైందనుకుని బాధపడ్డాం. వాళ్ళ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. మనది పాల్: 625 గీతలు, 25 బొమ్మలు. క్యాసెట్ డబ్బా ఒకటే, లోపలి భాష వేరు. రెండూ తెలిసిన మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలట. మీ దగ్గరా అలాంటి క్యాసెట్ ఉంటే ‘పాడైంది’ అని పారేయకండి.

ఇక ఇంట్లో మనమే చేసుకోదగ్గవి:

పాత క్యాసెట్లు, డీవీడీలు చూసేటప్పుడు బొమ్మ ఆకారం 4:3 పెట్టండి. నల్ల పట్టీలను చూసి చిరాకు పడకండి, గోడ మీద పటానికి చెక్క చట్రం ఉండదూ, అలాగే. టీవీ సెట్టింగుల్లో ‘షార్ప్‌నెస్’ బాగా తగ్గించండి. మిరుమిట్లు గొలిపే ‘వివిడ్’ రంగులు కొట్లో చూపించడానికి బావుంటాయి గానీ, ఇంట్లో ‘సినిమా’ అన్నదే కంటికి హాయి. రెండడుగులు వెనక్కి జరిగి కూర్చోండి, మసక సగం పోతుంది.

టీవీ 4కె అయినంత మాత్రాన ఛానెళ్ళన్నీ అలా రావు. సెట్‌టాప్ బాక్సు మామూలుదైతే బొమ్మా మామూలుదే. హెచ్‌డీ బాక్సే అయినా పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో తగిలిస్తే హెచ్‌డీ రాదు, హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. మా ఇంట్లో జరిగింది అదే! హోమ్ థియేటర్ పాతదైతే, 4కె బొమ్మ దాని గుండా వెళ్ళలేక ఆగిపోవచ్చు. అప్పుడు బాక్సును నేరుగా టీవీకి తగిలించి, శబ్దం మాత్రం టీవీ నుంచి హోమ్ థియేటర్‌కు ఇప్పించుకోండి. ట్యాంకు ఎంత పెద్దదైనా గొట్టం సన్నదైతే నీళ్ళు సన్నగానే వస్తాయి కదా!

అన్నిటికన్నా ముఖ్యం, క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం. టేపు మీద తెల్లటి బూజు కనబడితే వీసీఆర్‌లో పెట్టకండి. టేపు పాడవడమే కాదు, ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. ముందు తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. ప్రపంచంలో వీసీఆర్‌లు చేసే ఆఖరి కంపెనీ కూడా 2016లో మానేసింది. ఉన్న మిషన్లు పాడైతే కొత్తవి రావు. ఇవాళ్టి పని రేపటికి వాయిదా వేయకండి.

నేను స్టూడియోకి వెళితే అక్కడి కుర్రాడు, ‘ఫుల్ స్క్రీన్ చేసి ఇస్తామండీ, పాత క్యాసెట్ ఇంక మీకెందుకు?’ అన్నాడు. నెల రోజుల ముందైతే ‘సరే బాబూ’ అనేదాన్నే! ‘వద్దు నాయనా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. క్యాసెట్ కూడా నాకు తిరిగివ్వు’ అన్నాను. రెండు పెన్‌డ్రైవులు తీసుకుని ఒకటి నా దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర పెట్టాం.

మొన్న ఆదివారం మళ్ళీ చూశాం. బొమ్మ ఇప్పటికీ మసకే. నల్ల పట్టీలూ ఉన్నాయి. మా మనవరాలు తెర దగ్గరికెళ్ళి కింద మూల మీద వేలు పెట్టి, ‘అమ్మమ్మా, ఈ నవ్వేదెవరు?’ అని అడిగింది.

మా అమ్మ అని చెప్పాను.