గోడ మీద గోదారి గీత

మాఘమాసంలో భద్రాచలం దగ్గర గోదావరిని చూస్తే, ఇది ఊళ్లోకి వచ్చే నది అంటే నమ్మబుద్ధి కాదు. స్నానఘట్టం మెట్లు దిగి ఇసుకలో చాలా దూరం నడిచాకే నా కాళ్లు తడిశాయి. వెనక్కి తిరిగి చూస్తే కరకట్ట కోటగోడలా నిలబడి ఉంది. అంత ఎత్తు ఎందుకు కట్టారో మెట్ల పక్కనున్న స్కేలు చెబుతుంది.

నీటిమట్టం చూసే ఉద్యోగి నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. "ఇప్పుడు దీన్నెవరూ పట్టించుకోరండీ. జూలై వచ్చిందంటే ఊరంతా దీని వంకే చూస్తుంది" అన్నాడు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది. 1990లో 70.8 దాకా, 2022 జూలైలో 71.3 దాకా లేచింది. ఆ అంకెలు తలుచుకుంటూ మెట్ల మీద నిలబడితే, నీరు నా తలకు ఎంత పైన ఉండేదో ఊహించడమే కష్టమైంది.

ఇక్కడ చినుకు పడకపోయినా వరద రావచ్చు. వార్ధా, వైన్‌గంగల నీటిని ప్రాణహిత మోసుకొస్తుంది. బస్తర్ వానలను ఇంద్రావతి తెస్తుంది. కిందికి వెళితే కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఆ తర్వాత పాపికొండలు నదిని ఇరుకున పెడతాయి. ఉపనదులన్నీ ఒకేసారి పోటెత్తితేనే అసలు ప్రమాదం.

రాబోయే పెద్ద వరద ఎంతో ఎలా లెక్కగడతారు? నాతో వచ్చిన విశ్రాంత ఇంజినీరు ఒకాయన కరకట్ట మీద కూర్చుని ఓపిగ్గా వివరించారు. ముందు నది అడ్డుకోతను కొలుస్తారు, నీటి వేగం చూస్తారు, ఏ మట్టానికి ఎంత ప్రవాహమో పట్టిక కడతారు. ఏటా వచ్చిన అతిపెద్ద ప్రవాహాలను వరసగా పేర్చి, ఏ స్థాయి వరద ఎంత తరచుగా రావచ్చో అంచనా వేస్తారు. "చిక్కేమిటంటే, మహా వరదలో పడవ దింపి వేగం కొలవలేం. అసలు కావలసిన చోటే మన కొలత బలహీనం" అన్నారాయన.

నూరేళ్ల వరద అనే మాటను జనం తప్పుగా అర్థం చేసుకుంటారని కూడా ఆయన బాధ. ఒకసారి వచ్చిపోయింది కాబట్టి ఇంక నూరేళ్లదాకా రాదని దాని అర్థం కాదు. ఏ ఏడైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉందని అర్థం. ఆ లెక్కన ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండేవాళ్లు ఒక్కసారైనా దాన్ని చూసే అవకాశం నూటికి 26.

ఆనకట్టలకు నూరేళ్ల వరద లెక్క కూడా చాలదు. పరీవాహక ప్రాంతం మీద కురవగల అతిభారీ వానను ఊహించి, దాంతో రాగల గరిష్ఠ వరదను లెక్కిస్తారు. పోలవరం స్పిల్‌వేను మొదట 36 లక్షల క్యూసెక్కులకు అనుకుని, తర్వాత 50 లక్షలకు పెంచింది అందుకే.

మర్నాడు ధవళేశ్వరం వెళ్లాను. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. 1986లో ఇక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయాయి. 2022లో వచ్చింది 26 లక్షలకు కాస్త తక్కువ. ఇక్కడి వరద లెక్కల పుస్తకాలు ఎంత పాతవైనా నది వయసు ముందు అవి నిన్నటివే. అందుకే శాస్త్రజ్ఞులు పుస్తకాలు లేని కాలాన్ని మట్టిలో వెతుకుతారు. రాతి లోయల్లో వరద నీరు నిలిచిన మూలల్లో సన్నని ఒండ్రు పొరలు మిగులుతాయి. వాటి ఎత్తునుబట్టి నీటిమట్టం తెలుస్తుంది, వయసు కడితే వరద కాలం తెలుస్తుంది. నర్మద గట్లను ఇలా చదివి వందల ఏళ్లనాటి వరదలను గుర్తించారు.

సాయంత్రం ఒక లంకలో ఆగాను. ఏటిగట్టుకు లోపలి వైపున్న పెంకుటింటి పెద్దావిడ నన్ను వసారాలో కూర్చోబెట్టి, గోడ మీద చెయ్యెత్తి చూపించింది. "86 వరద ఇక్కడిదాకా వచ్చింది బాబూ. మా మావగారు బొగ్గుతో గీసి పెట్టారు. మొన్న సున్నం వేసినప్పుడు పోయింది." ఆవిడ చెయ్యి ఆగిన చోట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు.

భద్రాచలంలో ఇంజినీరు చెప్పిన లోటు నాకు అక్కడ కళ్లకు కట్టింది. మహా వరదలో వేగం కొలవలేకపోయినా, స్కేలు లేని చోట నీటిమట్టాన్ని ఆ బొగ్గుగీత పట్టి ఉంచింది. అలాంటి గీతలు ఊరూరా ఉంటే నీరు ఎక్కడ ఎంత ఎత్తున పారిందో తెలుస్తుంది, లెక్క సరిచూసుకోవడానికి ఆధారం దొరుకుతుంది. రేపు బడి, ఆసుపత్రి ఎక్కడ కట్టాలో తేల్చడానికీ అదే సాక్ష్యం.

నదీతీరాన ఉండేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. వరద తీసిన రోజునే నీటి మరక మీద తేదీతో సహా గీత గీయండి. గుడి గోడో, బడి గోడో, రచ్చబండ రాయో చూసి ఉలితో చెక్కించండి. పెద్దవాళ్లు చెప్పే ఆనవాళ్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. సున్నం వేసేటప్పుడు ఆ గీతను మాత్రం వదిలేయండి.