పొడి గుడ్డ



ఈ వారం కారు కడగడం గురించి వ్రాస్తున్నాము. అయ్యగారికి ఇంకేమీ దొరకలేదా అని నవ్వుకోకండి. మీలో చాలామంది హైదరాబాదులోను బెంగళూరులోను కార్లు కొనుక్కొని, ప్రార్థన చేయించుకోవడానికి ఊరికి తెస్తున్నారు. వారికి పనికివచ్చే సంగతులు ఇందులో ఉన్నాయి. మేము ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉన్నది.

మా కారు మీకు తెలిసినదే. నాలుగేళ్ల క్రితం మీరందరూ కలిసి కొనిచ్చారు. సెకండ్ హ్యాండుదే, ముదురు నీలం రంగు. మిరపకాయల కోతకు వెళ్లిన కూలి డబ్బులలో నుండి దాచి ఇచ్చిన అక్కలున్నారు. పత్తి అమ్మగానే ముందు దీనికే తీసి ఇచ్చిన అన్నలున్నారు. ఆ కారులోనే పక్క ఊళ్లకు కుటుంబ ప్రార్థనలకు వెళుతున్నాము. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన చెల్లెళ్లను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకువెళ్లినది కూడా అదే. అందుకే దానిని జాగ్రత్తగా చూసుకోవాలని మాకు మొదటినుండి పట్టుదల. ప్రతి ఉదయం ప్రార్థన ముగియగానే పాత పంచె ముక్క ఒకటి తీసుకొని, కారంతా తుడిచేవాళ్లము. నీళ్లు పోసేవాళ్లము కాదు. వేసవిలో మన ఊరి నీళ్ల ఇబ్బంది మీకు చెప్పనక్కరలేదు. పొడి గుడ్డతో గుండ్రంగా రుద్ది రుద్ది తుడిస్తే కారు తళతళ మెరిసేది. మాకు తృప్తిగా ఉండేది.

పోయిన డిసెంబరులో క్రిస్మస్ ముందు శనివారం యవ్వనస్థులందరూ మందిరం దగ్గర నక్షత్రాలు కడుతున్నారు. వారిలో ఒక తమ్ముడు, పండుగ కదా అయ్యగారి కారు కడుగుదామని తనంతట తానే మొదలుపెట్టాడు. బానెట్టు మీద పక్షి రెట్ట ఎండిపోయి ఉంటే, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాడు. రెట్ట పోయింది గాని బానెట్టు మీద నాలుగు పొడవాటి గీతలు పడ్డాయి.

మేము బయటికి వచ్చి చూసి కేకలు వేశాము. "ఇది ఎవరి సొమ్మనుకున్నావురా? కూలి చేసుకున్నవాళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి ఇచ్చింది! గేదెను తోమినట్టు తోముతావా?" అన్నాము. పదిహేను మంది పిల్లలు చూస్తున్నారు. వారిలో కొందరు నవ్వారు. ఆ తమ్ముడు బక్కెట్టు, పీచు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ సంవత్సరం క్యారల్స్‌కు రాలేదు. క్రిస్మస్ ఆరాధనకు వచ్చాడు గాని వెనుక నిలబడి, ముగింపు ప్రార్థన కాకముందే వెళ్లాడు. జనవరి నుండి అదీ లేదు. అమ్మగారు రెండుసార్లు గుర్తుచేశారు. "వాడే వస్తాడులే" అన్నాము.

ఫిబ్రవరిలో ఆ గీతలు తీయించుదామని నరసరావుపేటలో ఒక పెయింటింగ్ షెడ్డుకు వెళ్లాము. మేస్త్రి పెద్దవయస్సు సాయిబుగారు. బానెట్టు మీద గీతల వెంబడి వేలిగోరు అడ్డంగా లాగి చూశాడు. "గోరు తగులుతోంది పాస్టరు గారూ. ఇవి లోతైనవి. పాలిష్‌కు పోవు" అన్నాడు.

"మా కుర్రవాడొకడు పీచుతో రుద్దాడు భాయ్, కారంతా పాడుచేశాడు" అన్నాము.

ఆయన ఏమీ అనలేదు. కారును షెడ్డులో నీడకు పెట్టించి, సెల్‌ఫోను లైటు వేసి తలుపు మీదకు పట్టాడు. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు లాగా వందలకొద్దీ సన్నటి గీతలు కనిపించాయి. లైటును టాపు మీదకు, డిక్కీ మీదకు జరిపాడు. ఎక్కడ చూసినా సాలెగూడే. "ఇవి పీచు గీతలు కావు. ఎవరో రోజూ పొడి గుడ్డతో తుడుస్తున్నారు. ఎవరు?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

టీ తెప్పించి ఆయన వివరంగా చెప్పిన సంగతి ఇది. కారు మీద కనిపించే రంగు ఒకటే పొర కాదు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటి పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం సాధారణంగా 35 నుండి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుక కంటే పలుచని పొర కారును ఎండనుండి, వాననుండి కాపాడుతోంది. ధూళిలో సన్నటి ఇసుక ఉంటుంది. పొడి గుడ్డతో రుద్దినప్పుడు గుడ్డ ఆ ఇసుకను తీసివేయదు, కారంతా ఈడుస్తుంది. మన పల్నాడులో ఇది మరీ ఎక్కువ. మట్టి రోడ్ల దుమ్ము, రాతి క్వారీల పొడి ఉన్నాయి. పిడుగురాళ్ల వైపు వెళ్లివస్తే సున్నపు బట్టీల పొడి కూడా పడుతుంది. కాల్చిన సున్నం తడి తగిలితే ఘాటెక్కి పెయింటును తింటుంది. దానిని తడిగుడ్డతో పులమకూడదు, ధారాళంగా నీళ్లు పోసి కడిగివేయాలి.

"మరి పాలిష్ చేస్తే గీతలు ఎలా పోతాయి భాయ్?" అని అడిగాము.

"గీత పూడదు సార్. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు దాకా అరగదీస్తాము. అప్పుడు గీత కనిపించదు. కాని ఆ మేరకు పొర తగ్గినట్టే. అలా ఎన్నోసార్లు చేయలేము. సన్నవి తీస్తాను. ఆ లోతైన నాలుగు తీయబోతే క్లియర్ కోటే పోతుంది. వాటిని అలాగే వదిలేయండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా మనస్సు నెమ్మదిగా లేదు. ఆ తమ్ముడు చేసినది ఒక్క రోజు తప్పు, నాలుగు గీతలు. మేము చేసినది నాలుగేళ్లు, ప్రతి ఉదయం, కారంతా. అతనిది అందరికీ కనబడింది. మాది వెలుగు పట్టి చూపితేగాని కనబడలేదు. పైగా దానినే జాగ్రత్త అనుకున్నాము. మత్తయి సువార్త 18వ అధ్యాయము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో మీరు విన్నారు. సహోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా కలిసి మాట్లాడమని అక్కడ ప్రభువు నేర్పించాడు. మేము పదిహేను మంది ఎదుట మాట్లాడాము. ఆ తరువాత ఒంటరిగా ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఆ సాయంత్రమే వెళ్లాము. ఇంట్లో ఎవరూ లేరు, మిరప కల్లం దగ్గర ఉన్నారన్నారు. అక్కడికే వెళ్లాము. వాళ్ల అమ్మ కాయలలో తాలు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచి, "వందనాలు అయ్యగారూ" అని పట్టా మీద చోటు చూపింది. అతను లేవలేదు. తల వంచుకొని కాయలు నెరుపుతూనే ఉన్నాడు.

పెయింటు మేస్త్రి చూపించినదంతా చెప్పాము. "కారంతా గీసింది నేనే తమ్ముడూ. నిన్ను అందరి ముందు అన్నాను. అది తప్పు. నన్ను క్షమించు" అన్నాము. ఎప్పుడూ "మేము" అని మాట్లాడే అలవాటు ఆ రోజు నోటికి రాలేదు.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పీచు కొత్తది అయ్యగారూ. మా ఇంట్లో పాతది ఉంటే మీ కారుకు బాగుండదని, కొట్టు దగ్గర కొబ్బరికాయ కొని వలిచి తెచ్చాను" అన్నాడు.

ఆ మాటకు మాకు కన్నీళ్లు ఆగలేదు. మేము వచ్చేసేటప్పుడు అతను వస్తానని గాని రానని గాని చెప్పలేదు. తరువాతి శనివారం ఉదయం ఆరు గంటలకు గేటు చప్పుడైంది. చూస్తే చేతిలో రెండు బక్కెట్లతో నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఇద్దరం కలిసి కడిగిన విధానం ఇక్కడ వ్రాస్తున్నాము. మీరూ ఇలాగే చేయండి.

ఎండ రాకముందే, నీడలో, బానెట్టు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. వేడి రేకు మీద నీళ్లు త్వరగా ఆరిపోయి, బోరు నీళ్లలోని ఉప్పు తెల్లటి మచ్చలుగా మిగులుతుంది. వేపచెట్టు క్రింద పెడితే పక్షులు ఉంటాయి, గోడ నీడ మంచిది. ముందు గుడ్డ ముట్టకుండా, టాపు మీదనుండి వట్టి నీళ్లు పోసుకుంటూ క్రిందికి రావాలి. ఇసుక దానంతట అదే జారిపోవాలి. చక్రాలకు వేరే గుడ్డ, వేరే నీళ్లు పెట్టుకోవాలి.

తరువాత రెండు బక్కెట్లు. ఒకదానిలో కారు షాంపూ నీళ్లు, సీసా మీద ఉన్న కొలత ప్రకారం. ఇంకొకదానిలో వట్టి నీళ్లు. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు వద్దు, అవి వేసిన వ్యాక్సును కూడా కడిగేస్తాయి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను షాంపూలో ముంచి ఒక్క భాగమే కడగాలి. మరల షాంపూలో ముంచకముందు వట్టి నీళ్లలో జాడించాలి, ఇసుక ఆ బక్కెట్టులోనే ఉండిపోతుంది. మొదట టాపు, తరువాత అద్దాలు, బానెట్టు, తలుపులు, అన్నిటికంటే చివర తలుపుల అడుగు భాగం. గుండ్రంగా రుద్దవద్దు, నిలువుగా మెల్లగా జరపండి. గుడ్డ నేల మీద పడితే దులిపి వాడవద్దు, ఉతికేదాకా పక్కన పెట్టండి.

నురగ ఆరకముందే కడిగి, మందపాటి పొడి మైక్రోఫైబర్ టవలు పరచి అద్దినట్లు తడి తీయాలి. ఇప్పుడు పొడి గుడ్డ వాడవచ్చు, ఇసుక పోయింది గనుక. పక్షి రెట్ట ఎండిపోతే దాని మీద తడి గుడ్డ వేసి కొన్ని నిమిషాలు ఆగండి. నానిన తరువాత రుద్దకుండా పైకి తీయండి. రోజుల తరబడి వదిలేస్తే అది క్లియర్ కోటును తింటుంది. ఉప్పు మచ్చలకు తెల్ల వెనిగరు, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి, వెంటనే మంచి నీళ్లతో కడగాలి.

రెండు మూడు నెలలకు ఒకసారి వ్యాక్సు పెట్టండి. బ్రెజిల్ దేశంలో పెరిగే కార్నౌబా అనే ఒక జాతి తాటిచెట్టు ఆకులనుండి తీసిన మైనం కలిపి చేసేవి మంచివి. ఎక్కువ పూస్తే ఎక్కువ కాపాడుతుందనుకోవద్దు. పలుచగా పూసి, పొగమంచు పట్టినట్లు ఆరాక మెత్తటి గుడ్డతో తుడవాలి. నల్లటి ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, తెల్లగా మరకలు పడతాయి. మైనం ఉన్న కారు మీద నీళ్లు చేమ ఆకు మీద లాగా ముత్యాలై జారిపోతాయి. అలా జారడం మానినప్పుడు మరల పెట్టే సమయం వచ్చిందని గుర్తు.

మొత్తం పనికి మాకు గంటన్నర పట్టింది. నీళ్లు ఆరు బక్కెట్లు. అంత తీరిక లేని రోజు కారును దుమ్ముతోనే ఉంచుతున్నాము. మామూలు పొడి దుమ్ము కారు మీద ఊరికే ఉంటే పెద్దగా నష్టం లేదు, రుద్దితేనే నష్టం. పాత పంచె ముక్క ఇప్పుడు వంటింట్లో మసిగుడ్డ అయ్యింది.

సన్నటి గీతలను మేస్త్రి చాలావరకు తీశాడు. లోతైన నాలుగు బానెట్టు మీద అలాగే ఉన్నాయి. చూసినవారు "రంగు వేయించకూడదా అయ్యగారూ" అంటున్నారు. వేయించము. ఉదయం తాళం తీసేటప్పుడు వాటిని చూసి, ఆ రోజు ఇంటిలోవారితో, సంఘంలోవారితో ఎలా మాట్లాడాలో జ్ఞాపకం చేసుకుంటున్నాము.

ఆ తమ్ముడు ఇప్పుడు ఆదివారం వస్తున్నాడు. ఇంకా వెనుకనే కూర్చుంటున్నాడు. ముందుకు రమ్మని మేము పిలవలేదు. నలుగురి ఎదుట పడిన మాట ఒక్క సాయంత్రంలో మాసిపోదు. ఆ రోజు నవ్విన పిల్లల ఎదుట కూడా మా తప్పు ఒప్పుకోవాలి గనుక, మొన్న యవ్వనస్థుల కూటములో ఈ సంగతంతా చెప్పాము. ఇప్పుడు మీకూ చెబుతున్నాము.

ప్రియులారా, మీ ఇంట్లో మీరు అందరి ముందు అన్న మాటకు మౌనంగా అయిపోయిన బిడ్డ, తమ్ముడు, కోడలు ఎవరైనా ఉన్నారేమో చూడండి. వారే వస్తారులే అని మా లాగా రెండు నెలలు ఆగవద్దు. ఈ రోజే వెళ్లండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.