మామ తెప్ప మీద 12 వోల్టులు

యూట్యూబ్‌లో ఫిషింగ్ కయాక్ వీడియోలు చూడటం నాకో పిచ్చి. ముందో లైటు, వెనకో లైటు, చేపల్ని చూపించే సోనార్... ఒక్కో పడవకి మన బైక్ కంటే ఎక్కువ వైరింగ్! మొయినాబాద్ దగ్గర మా మామ చేపలు పట్టేది మాత్రం థర్మకోల్ తెప్ప మీద. దిమ్మెల్ని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తాళ్లతో బిగిస్తే అదే పడవ. గండిపేట, హిమాయత్‌సాగర్ వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. మామకు మాత్రం మా ఊరి చెరువే లోకం.

సాయంత్రం వలలు వేస్తాడు, తెల్లవారుజామున 4 గంటలకు తీస్తాడు. వెలుతురంటే నోట్లో కరిచిపట్టుకున్న సెల్‌ఫోనే. ఈత వచ్చు, నిజమే. చీకట్లో వల కాళ్లకు చుట్టుకుంటే ఈత ఏం చేస్తుంది? డాబా మీద నిలబడే అత్తకు చెరువంతా నలుపే.

"లైటు పెడతా మామా" అంటే, "వెలుగు పడితే చేప బెదురుతది అల్లుడా" అన్నాడు. అందుకే రెండు లైన్లు వేశా. వల తీసేటప్పుడు మాత్రమే వేసుకునే 5 వాట్ల లైటుకు స్విచ్ ఉంది. వెనక కర్ర మీద, తలకంటే ఎత్తున, 1 వాట్ తెల్ల లైటు ఉంది. దానికి స్విచ్ లేదు, కావాలనే పెట్టలేదు. బ్యాటరీ తగిలిస్తే వెలగాల్సిందే. కళ్లలో పడదు, ఒడ్డుకి కనిపిస్తుంది.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 7 యాంపియర్ అవర్. అంటే దాదాపు 90 వాట్ అవర్లు. రెండు లైట్లూ 3 గంటలు వెలిగినా 18 ఖర్చవుతాయి, నాలుగు రాత్రులకు ఢోకా లేదు. ఎర్ర వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే, 3 యాంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది బల్బుని కాదు, వైరుని.

అసలు గొడవంతా జాయింట్లతోనే. టేపు చుడితే నీళ్లు దూరి రాగి పచ్చబడుతుంది, లైటు మిణుకుమంటుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబ్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. వేడి చేయగానే ముడుచుకుని వైరుని పట్టేస్తుంది. ఆ పని ఇంట్లోనే కానివ్వాలి, మంట తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది. డబ్బాలోకి వైరు కింద నుంచి, కాస్త వేలాడేలా తెచ్చా. కారే నీళ్లు అక్కడే జారిపోతాయి.

సోనార్ కూడా అడిగి చూశా. థర్మకోల్ నిండా గాలే కాబట్టి శబ్దం అందులోంచి పోదు, సెన్సార్‌ని నీళ్లలోకి వేలాడదీయాలి. మామ నవ్వాడు. "ఏ గుంటల ఏ చేపుందో నీ డబ్బా చెప్పాల్నా?"

లైఫ్ జాకెట్ కొనిచ్చా. "లైటుంది కదా" అని ఇంట్లో కొక్కేనికి తగిలించాడు. దానిమీద యుద్ధం ఇంకా నడుస్తోంది.

మొన్న ఉదయం నాలుగున్నరకు గచ్చిబౌలిలో నా ఫోన్ మోగింది. అత్త. "లైటు పోయిందిరా!" గొంతు వణుకుతోంది. ఫ్యూజా, జాయింటా అని నేను ఆలోచించేలోపే, "ఆ... వచ్చింది, వచ్చింది" అంది. తర్వాత తెలిసింది. ఇంకో తెప్ప అటు వస్తుంటే, తన చోటు కనిపెడతారని మామ లైటు మీద తువ్వాల కప్పాడట.

ఆ తువ్వాల ఇప్పుడు అత్త దగ్గరుంది.