లాక్ పడిన ట్యాబ్ కొనకండి

పిల్లల చదువుకని ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్ వెతుకుతున్నవాళ్లకు ఒక మాట. "చిన్న లాకే, బయట షాపులో తీసేస్తారు" అని అమ్మేవాడు అంటే అక్కడే ఆగిపోండి. 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన యాక్టివేషన్ లాక్ సంగతి యాపిల్ సర్వర్లలో నమోదై ఉంటుంది. ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. సొంత వస్తువైతే లాక్ తీసే అమ్మొచ్చు కదా? అది ఎవరింట్లోంచో పోయిన ట్యాబ్ కూడా కావచ్చు. నాకు అన్నిటికన్నా బాధ అక్కడే. స్కూలో ఆఫీసో పెట్టిన రిమోట్ మేనేజ్‌మెంట్ లాక్ అయితే రీసెట్ చేసి వైఫైకి కలిపాక గానీ బయటపడకపోవచ్చు. అందుకే డబ్బు ఇచ్చేముందు మీ ఎదుటే రీసెట్ చేయించి, హోమ్ స్క్రీన్ దాకా తెరిపించండి. సిమ్ వేసే ట్యాబ్ అయితే సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు కూడా కొట్టి చూడండి.