నలభై ఎనిమిదేళ్లకు మొదటి బ్లౌజు

"భుజాలు కాస్త వెడల్పండీ, చేతులు మోచేతి దాకా పెడితే బావుంటది" అంది టైలరమ్మ, టేపు మెడలో వేసుకుంటూ.
అంతే. ఇంకేం అడగలేదు.

తోడొచ్చిన పిల్లకి పాతికేళ్లుంటాయేమో. హుక్కులు ముందా వెనకా, లైనింగుకి ఏ గుడ్డ... బేరం కూడా తనే. ట్రాన్స్ మహిళగా ఈ దారిలో నాకు తనే సీనియరు మరి!

ఈ వయసులో మొదలుపెడితే హార్మోన్లకు ముందు బీపీ, షుగరు చూస్తారు. అది డాక్టరు పని.
మేనకోడలి పెళ్లికి చీరలో వెళ్లాలా, అసలు వెళ్లాలా? అది ఏ డాక్టరూ చెప్పరు. ఆ గండం గట్టెక్కినవాళ్లే చెప్పాలి.

అలాంటివాళ్లు కలిసే చోటు కూడా ఉండాలిగా. హైదరాబాదులో ట్రాన్స్ వాళ్లకోసం 2021లో పెట్టిన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోయి 2025 జనవరిలో మూతపడింది. తర్వాత వేరే నిధులతో మళ్లీ తెరిచారు, సంతోషం. కానీ అలాంటి చోటు మూతపడితే మందులు ఇంకోచోట కొనుక్కోవచ్చు, మనవాళ్లు పక్కన కూర్చునే బెంచీ ఎక్కడ దొరుకుతుంది?

నలభై దాటాక మొదలుపెట్టినవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? ఇంట్లో ముందు ఎవరికి చెప్పారు?
కామెంట్లో ఇబ్బందైతే ఇన్‌బాక్స్‌కి రండి. పేరు చెప్పక్కర్లేదు.